తెల్లారిన తర్వాతి జాగారం

మాఘమాసం చివరికొచ్చేసరికి మైలార్‌దేవ్‌పల్లిలో మా కిరాయి ఇంటి సందు మొదట్లో ఒక తోపుడు బండి వచ్చి నిలబడుతుంది. బండి మీద వెడల్పాటి గిన్నె, గిన్నెలో ఉడికిన గెనుసుగడ్డలు, పైన తడిపిన గోనెపట్టా. అమ్మే మనిషి ఆ పట్టా ఎత్తినప్పుడల్లా మట్టినీ బెల్లాన్నీ కలిపి ఉడకబెట్టినట్టుండే ఆవిరి సందంతా కమ్ముకుంటుంది. అందరికీ ఆ వాసనకు నోరూరుతుంది, నేను మాత్రం బండి దగ్గర ఆగను. శివరాత్రి దగ్గరపడిందన్న సంబరంతో సంచులు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ల మధ్య నుంచి తల వంచుకుని ఇంట్లోకి వచ్చేస్తాను. నాకు పదేళ్లున్నప్పుడు ఒక శివరాత్రి తెల్లవారి, ఈ వాసన మా వంటింట్లోంచి ఇంకా పోకముందే, నేనొక అబద్ధం చెప్పాను. ఒక్కసారి చెప్పి ఊరుకున్నా బాగుండేది, మూడుసార్లు చెప్పాను. దానివల్ల మా రేణుకత్త ప్రాణం మీదికి వచ్చింది.

మాది తొండుపల్లి. అప్పటికి విమానాలు దిగడం మొదలై రెండేళ్లయింది. మా తాత జొన్న వేసిన చేను ఎయిర్‌పోర్టు ప్రహరీగోడ అవతలికి పోయింది, మా బాపు కూడా ఆ వెనకే గోడ అవతలికి పోయాడు. గడ్డి కోసే పనిలో కుదిరి, ఆకుపచ్చ బట్టలూ బూట్లూ వేసుకుని, ఒకప్పుడు గుంటక తోలిన నేల మీదే యంత్రంతో గడ్డి కోసేవాడు. ఇంట్లో ఇక మిగిలింది ఒక్క బర్రె, దాని కొట్టం, కొట్టంలో సగందాకా వరిగడ్డి. బండలు పగలగొట్టి, పుట్టలు తవ్వి, గుట్టలను చదును చేసినప్పటినుంచీ ఊళ్లో పాముల భయం ఎక్కువైంది. చీకటి పడ్డాక నానమ్మ చీపురు కోసం చెయ్యి పెట్టబోయినా ముందు కాలితో నేలను రెండుసార్లు తన్నేది. ఆ అలవాటు మాకందరికీ వచ్చింది, రేణుకత్తకు తప్ప.

రేణుకత్త మా బాపుకు ఆఖరి చెల్లెలు. అప్పుడు ఆమెకు పందొమ్మిదేళ్లు, ఇంటర్ పాసైంది. ఇంట్లో అందరికంటే గట్టిగా నవ్వేది, అందరికంటే ముందు నిద్రపోయేది. ఆమె నిద్ర మా ఇంట్లో పెద్ద నవ్వులాట. అన్నం ముద్ద నోట్లో ఉండగానే కునుకు తీసిందనీ, బస్సులో నిద్రపోయి షాద్‌నగర్ దాకా పోయి ఏడ్చుకుంటూ వచ్చిందనీ మా అమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పేది. ఆ ఏడు అమ్మ పురుటికి పుట్టింటికి పోయింది. వంటా, బర్రె పాలూ, నా జడలూ అన్నీ రేణుకత్త మీద పడ్డాయి. ఆమె నా జడ వేస్తూ వేస్తూ నా తల మీదే గడ్డం ఆనించి కునికేది, నేను కదలకుండా కూర్చునేదాన్ని.

ఆ సోమవారం ఆమెకు ఎయిర్‌పోర్టులో నౌకరీకి పిలుపు ఉంది. ప్రయాణికుల సామాన్లు యంత్రంలోకి ఎక్కించే దగ్గర నిలబడే పని, నీలం రంగు చీర, మెడలో ఫొటో ఉన్న కార్డు. ఆ కార్డు మీద ఆమెకు మనసైంది. అద్దం ముందు నిలబడి పుస్తకం అట్టముక్క ఒకటి దారంతో మెడలో వేసుకుని చూసుకోవడం నేను రెండుసార్లు చూశాను. నౌకరీ రావాలని నానమ్మ మొక్కు మొక్కమంది. ఉత్త మొక్కు కాదు, శివరాత్రికి ఒక్కపొద్దు, జాగారం.

మా ఊళ్లో శివరాత్రి జాగారమంటే పిల్లలకు జాతరే. సాయంత్రం స్నానాలు, అలుకు ఆరని వాకిట్లో ముగ్గు, చీకటి పడ్డాక ఫలహారం: గెనుసుగడ్డలు, నానబెట్టిన పెసరపప్పులో కొబ్బరిముక్కలు, ఖర్జూరాలు, బయట చిన్న మంట వేసి కాల్చిన పల్లికాయలు. గుడి దగ్గర మగవాళ్ల భజన, తాళాలు తప్పుతూ మళ్లీ కలుస్తూ. బడి అరుగు మీద యువకులు కిరాయికి తెచ్చిన టీవీ, అందులో మొదట దేవుడి సినిమా, అర్ధరాత్రి దాటాక తన్నులాటల సినిమా. మా వాకిట్లో ఆడవాళ్లు చాప పరిచి, చింతగింజలను అరగదీసి, సుద్దతో గీసిన గళ్ల మీద అష్టాచెమ్మ ఆడేవాళ్లు. కళ్లు మూతలు పడుతున్నవాళ్ల ముఖం మీద నీళ్లు చల్లే పని పిల్లలది, దాన్ని మేం కొంచెం ఎక్కువ శ్రద్ధతోనే చేసేవాళ్లం. పాతకాలంలో చుక్కలను బట్టి రాత్రి ఎంత గడిచిందో చెప్పిన నానమ్మ, రెండేళ్లలోనే విమానాలను బట్టి చెప్పడం నేర్చుకుంది. పెద్ద చప్పుడుతో పోయేది ఒంటిగంటది, దాని తర్వాత చాలాసేపటికి వచ్చేది తెల్లవారుజాముది. తాను ఒక్కసారైనా ఎక్కని వాటి రాకపోకలన్నీ ఆమెకు నోటికి వచ్చు.

ఆ రాత్రి నానమ్మ జాగారం ఎట్లా పుట్టిందో చెప్పింది. ప్రతి ఏడూ చెప్పే కథే. దేవతలూ రాక్షసులూ కలిసి సముద్రం చిలికినప్పుడు అమృతం కంటే ముందు విషం వచ్చింది, ఎవరూ దగ్గరికి పోలేదు, శివుడొక్కడు ముందుకొచ్చి తాగి గొంతులో ఆపుకున్నాడు. ఇక్కడిదాకా అందరికీ తెలిసిందే. ఆ తర్వాత నానమ్మ చెప్పే ముక్క నేను మరెక్కడా అంత గట్టిగా వినలేదు.

“విషం తాగినోడు పండుకుంటే విషం ఒళ్లంత పారుతదని దేవతల వైద్యుడు జెప్పిండు. పండుకోనియ్యొద్దని అందరు సుట్టు కూసున్నరు. ఒకలు పాడిన్రు, ఒకలు ఆడిన్రు, రాత్రంత శివున్ని పల్కరిచ్చుకుంట ఉన్నరు. గదే జాగారం. మనం మేలుకునుడు మన కోసం గాదు, ఆయన కోసం.”

దానికో షరతు కూడా ఉండేది. రాత్రి మేలుకుంటే సగమే అయినట్టు. తెల్లారి స్నానం చేసి, దేవుడికి దండం పెట్టి, అన్నం తిన్నాక కూడా పగలంతా నడుం వాల్చకూడదు. సాయంత్రం చుక్క పొడిచిన తర్వాతే పడుకోవాలి. నడుమ ఒక్క కునుకు తీసినా మొక్కు మట్టిలో కలిసినట్టే. రాత్రి జాగారంలో పాటలుంటాయి, ఆటలుంటాయి, పక్కన జనం ఉంటారు. తెల్లారిన తర్వాతి జాగారంలో ఏమీ ఉండదు, ఎండా, బరువెక్కిన తలా తప్ప. ఎక్కువమంది దానికే ఓడిపోయేవాళ్లు.

రేణుకత్త అంతదాకా కూడా ఆగలేకపోయింది. ఒంటిగంట విమానం పోయి చాలాసేపయ్యాక, నానమ్మ అష్టాచెమ్మలో తన పచ్చకాయను ఇంటికి చేర్చే పట్టులో ఉండగా, ఆమె నా చెయ్యి పట్టుకుని ఇంటి వెనక్కి తీసుకుపోయింది. నడుస్తుంటేనే తూలుతోంది.

“శిరీ, నాతోని అయితలేదే. జరసేపు కొట్టంల ఒరుగుత. అమ్మ వస్తే లేపు. ఎవ్వలికి చెప్పకు, నా మీద ఒట్టు. చెప్తే నౌకరి పోతది.”

గడ్డి మీద కాదు, గడ్డి పక్కన నేల మీదే ఒక గోనెసంచి వేసుకుని ముడుచుకుంది. చెంగు ముఖం మీదికి లాక్కునేలోపే నిద్రపోయింది. నేను కొట్టం గడప మీద కూర్చున్నాను. కాపలా బాగానే కాశాను, ఎటూ కదలలేదు, కళ్లు మూయలేదు. కానీ నేను చూసిందంతా వాకిలి వైపే, నానమ్మ వస్తుందేమోనని. నా వీపు వెనక, నాలుగడుగుల దూరంలో, గడ్డిలోంచి ఒక కట్లపాము వచ్చి ఆమెను కరిచిపోయిందని నాకు తెలియదు. ఆమెకూ తెలియదు. అది కరిస్తే నొప్పి ఉండదు, మంట ఉండదు, వాపు రాదు. తెల్లవారుజాము విమానం చప్పుడు వినపడితే నేనే భుజం కదిపి లేపాను. లేచి, గడ్డిపోచలు దులుపుకుని, నా బుగ్గ గిల్లి, వచ్చి మళ్లీ చాప మీద కూర్చుంది. “నిద్ర తేటగ అయింది” అని నా చెవిలో చెప్పి నవ్వింది కూడా.

తెల్లారి ఏడు గంటలకు కడుపులో నొప్పి అంది. ఒక్కపొద్దు ఉండి పరిగడుపున చాయ తాగితే నొప్పి రాక ఏమొస్తుందని నానమ్మ వాము నమలమంది. కాసేపటికి రాత్రి తిన్న గెనుసుగడ్డ అంతా కక్కుకుంది. అదీ ఒక్కపొద్దు లెక్కలోనే పోయింది. నీళ్లు పోసుకున్నాక మంచం పట్టె మీద కూర్చున్న ఆమె కనురెప్పలు సగానికి దిగి ఉన్నాయి. ఊళ్లో ఆ పొద్దున ఎవరి రెప్పలు సగానికి దిగలేదు గనుక? వాకిట్లో పోయే ప్రతి మనిషీ అట్లాగే ఉన్నాడు. జాగారం మర్నాడు మా ఊరంతా మందు తాగినట్టే తిరిగేది. అందులోనూ మా రేణుకత్త నిద్ర ఊరందరికీ తెలిసిందే కదా. ఎదురింటి యాదయ్య మామ తన టాక్సీ కడుగుతూ, “ఏం రేణుకా, తలుపులు మూసేస్తున్నవా?” అని నవ్వాడు. మేమూ నవ్వాం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

నానమ్మ మాత్రం నవ్వలేదు. ఆమెకు కూతురి మొక్కు నిలబెట్టాలన్న పట్టుదల. నా చేతికి తడిగుడ్డ ఇచ్చి, “కండ్లు మూయనియ్యకు బిడ్డా, చుక్క పొడిచేదాంక సూసుకోవాలె” అని పురమాయించింది. వంటింట్లోకి పోతూ ఆగి, ఎందుకో అనుమానం వచ్చి, “రాత్రి నడుమల మీ అత్త కనవడలే. ఏడికన్న పోయి పండుకున్నదా?” అని అడిగింది.

“లేదు నానమ్మా, ఒంటికి పోయింది” అన్నాను. అది మొదటిది.

పది గంటలకు అన్నం పెడితే రేణుకత్త ముద్ద మింగలేకపోయింది. నోట్లో తిప్పి తిప్పి బయటికి తీసేసింది. “గొంతుల అడ్డం వడ్డట్టున్నది” అన్నప్పుడు ఆమె మాట ముక్కులోంచి వచ్చింది, జలుబు చేసిన మనిషిలాగా. నానమ్మ ఆమె ముఖం మీద చెంబుడు నీళ్లు కొట్టి, భుజాలు పట్టి కుదిపింది. నిన్న ఒక్కరోజు మేలుకోలేనిదానివి రేపు నౌకరీలో రాత్రి డ్యూటీ ఎట్లా చేస్తావని కోప్పడింది. మళ్లీ నా వైపు తిరిగింది. రాత్రి ఏమన్నా పడుకుందా, నిజం చెప్పమంది. పడుకుని ఉంటే ఇక ఈ కష్టమెందుకు, మొక్కు ఎట్లాగూ పోయినట్టే కదా, ఇప్పుడే పడుకోనిస్తానని అనుకుందేమో. నాకు అంత ఆలోచన లేదు. ఒట్టు గుర్తుంది, మెడలో అట్టముక్క వేసుకున్న రేణుకత్త గుర్తుంది. లేదన్నాను.

పన్నెండు దాటాక నాకు భయం మొదలైంది. రేణుకత్త నా వైపు చూడాలంటే తల మొత్తం వెనక్కి వాల్చి, రెప్పల కింది సందులోంచి చూస్తోంది. నిద్ర వచ్చేవాళ్లు తల ముందుకు వాలుస్తారని నాకు తెలుసు, రోజూ జడ వేసేటప్పుడు ఆమె గడ్డాన్ని నెత్తి మీద మోసినదాన్ని. కానీ తెలిసిన ముక్కను ఏం చేసుకోవాలో తెలియలేదు. వేళ్లతో ఆమె రెప్పలు పైకెత్తి పట్టుకున్నాను. లోపల కళ్లు మామూలుగానే ఉన్నాయి, నన్నే చూస్తున్నాయి, భయపడుతున్నాయి. వేళ్లు తీస్తే రెప్పలు పడిపోయాయి. అప్పుడు నానమ్మ మూడోసారి అడిగింది. ఈసారి గొంతులో కోపం లేదు. నేను నోరు తెరిచేలోగా రేణుకత్త చెయ్యి వచ్చి నా చెయ్యి మీద పడింది. గిల్లబోయింది, చెప్పొద్దని. వేళ్లలో గిల్లేంత బలం లేదు, ఊరికే తగిలాయి. చిన్నప్పటినుంచీ ఆమె చేతి గిల్లుడు ఎంత గట్టిగా ఉంటుందో నా బుగ్గలకు తెలుసు. అయినా నాకు అర్థం కాలేదు.

“పండుకోలేదు నానమ్మా” అన్నాను.

రెండున్నరకు బాపు మొదటి షిఫ్టు దిగి వచ్చాడు. సైకిలు గోడకు ఆనించి, బూట్లు విప్పుకుంటూ లోపలికి చూసి, ఒక్క బూటుతోనే లోపలికి వచ్చాడు. గడ్డి కోసేవాళ్లకు పనిలో పెట్టుకున్నప్పుడు పాముల గురించి ఒక మనిషి వచ్చి బొమ్మలు చూపించి చెప్పాడట. ఏది ఎట్లా కరుస్తుంది, కరిస్తే ఏమవుతుంది అని. అందరూ ఆవలిస్తూ విన్న ఆ మాటలు బాపు మర్చిపోలేదు. చెల్లెలి ముందు మోకాళ్ల మీద కూర్చుని, “రేణుకా, పైకి జూడు. నా ఏలు జూడు” అన్నాడు. ఆమె తల వెనక్కి వాల్చింది. నాలుక బయట పెట్టమన్నాడు, పెట్టలేకపోయింది. బాపు తలెత్తి నానమ్మను చూశాడు.

“రాత్రి ఏడ పండుకున్నది?”

“పండుకునుడేంది?” నానమ్మకు కోపం వచ్చింది. “రాత్రంత నా పక్కన్నే ఉన్నది. నిద్రకు ఓర్వలేక గిట్లయితున్నది.”

“నిద్ర గాదే అవ్వా ఇది.” బాపు నా వైపు తిరిగాడు. నన్ను ఏమీ అడగలేదు, ఊరికే చూశాడు.

“కొట్టంల పండుకుంది బాపూ, నేల మీద” అన్నాను. అని ఏడుపు అందుకున్నాను. నౌకరీ పోతుందని ఏడ్చానో, మొక్కు పోయిందని ఏడ్చానో, ఇంకేదో పోతోందని అప్పటికి తెలిసి ఏడ్చానో ఇప్పుడు చెప్పలేను.

బాపు కొట్టంలోకి పోయి చూడలేదు. పాము దొరికితే ఏం, దొరక్కపోతే ఏం అన్నాడు. నానమ్మ మంత్రం వేసే మనిషి పేరు ఎత్తబోయింది, బాపు ఆమె మాట పూర్తి కానివ్వకుండానే యాదయ్య మామను కేకేశాడు. ఐదు నిమిషాల్లో కారు రోడ్డెక్కింది. వెనక సీటులో రేణుకత్త, ఆమె తల నానమ్మ ఒళ్లో. సీటు ముందు కాళ్లు పెట్టుకునే ఇరుకులో నేను. నన్ను ఎవరూ రమ్మనలేదు, ఎక్కాక దిగమనీ అనలేదు.

కారు కదలగానే నానమ్మ మళ్లీ కూతురి చెంపలు తట్టడం మొదలుపెట్టింది. నిద్రపోకు బిడ్డా, నిద్రపోకు. రాత్రి నుంచి అదే మాట. ముందు సీటులో వెనక్కి తిరిగి కూర్చున్న బాపు ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

“కండ్లు మూసుకోనియ్యి అవ్వా, కండ్లతోని ఏం పని లేదు. శిరీ, నువ్వు అత్త ఛాతి జూడు. లేస్తున్నదా, పడ్తున్నదా, గది జూడు. లేవకుంటే చెప్పు.”

పొద్దుటినుంచీ ఆమె కళ్లనే చూస్తూ వచ్చినదాన్ని, మొదటిసారి ఆమె ఊపిరి చూశాను. చీర మడతలు లేస్తున్నాయి, పడుతున్నాయి. గగన్‌పహాడ్ దగ్గర కంపెనీ లారీ ఒకటి రోడ్డుకు అడ్డంగా మలుపు తిరుగుతూ నిలిచిపోయింది. యాదయ్య మామ హారన్ మీద చెయ్యి తీయలేదు, బాపు దిగి పరుగెత్తి లారీ తలుపు బాదాడు. నేను చీర మడతల మీది నుంచి చూపు తిప్పలేదు. లేవడం చిన్నదవుతోంది. ఆరాంఘర్ చేరేసరికి మడతలు కదులుతున్నాయో, కారు కుదుపుకు అదురుతున్నాయో తెలియడం మానేసింది. చెయ్యి పెట్టి చూశాను. ఉంది. మళ్లీ పెట్టాను, ఉంది. ఆ దారి నేను తర్వాత వందలసార్లు పోయాను, అంత దూరం ఎప్పుడూ కాలేదు.

పట్నంలోని దవాఖానలో వాళ్లు ఒక్క నిమిషం కూడా ఆపలేదు. గొంతులోకి గొట్టం వేశారు, పాముకాటు మందు ఎక్కించారు. విషం ఊపిరి పీల్చే కండరాలను పట్టుకుందనీ, అవి మళ్లీ పనిచేసేదాకా ఆమె ఊపిరి ఎవరో ఒకరు పీల్చిపెట్టాలనీ డాక్టరమ్మ చెప్పింది. ఊపిరి పోసే యంత్రాలన్నీ వేరే రోగుల మీద ఉన్నాయి, ఒకటి తెల్లారితే గానీ ఖాళీ కాదు. అప్పటిదాకా ఆ గొట్టానికి తగిలించిన రబ్బరు బుడ్డను చేత్తో ఒత్తాలి. ఒత్తితే ఊపిరి పోతుంది, వదిలితే వస్తుంది. నర్సమ్మ బాపుకు చూపించింది. బాపు నానమ్మకు చూపించబోతే ఆమె అప్పటికే పక్కన నిలబడి నేర్చేసుకుంది.

నానమ్మకు అది కంటి మీద కునుకు లేని రెండో రాత్రి. బాపు ఒక గంట ఒత్తితే ఆమె రెండు గంటలు ఒత్తింది. తలుపుకున్న గుండ్రటి అద్దంలోంచి నాకు ఆమె వీపూ, కదిలే మోచెయ్యీ కనపడేవి. వంగి కూతురి చెవి దగ్గర ఏదో మాట్లాడుతూనే ఉంది. శివుడి పాటలనుకున్నాను. ఊపిరి ఒక్కటి తప్పినా మనిషి తప్పిపోతుందని నాకు అర్థమైంది. అయినా నేను వరండాలో గోడకు ఆనుకుని నిద్రపోయాను. ఆ రాత్రి మా నలుగురిలో హాయిగా నిద్రపోయింది నేనొక్కదాన్నేనని చాలా ఏళ్లు అనుకున్నాను.

తెల్లారి యంత్రం దొరికింది. నాలుగో రోజు రేణుకత్త ఎడమ రెప్ప కదిలింది. రెండు వారాలకు ఇంటికి వచ్చింది. సోమవారం ఎప్పుడో దాటిపోయింది, నీలం చీర నౌకరీ ఇంకెవరికో పోయింది. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. పలకరించడానికి వచ్చినవాళ్లందరితో నానమ్మ నన్ను చూపించి, ఈ పిల్ల చెప్పబట్టే నా బిడ్డ దక్కిందనేది. తాను పొద్దుటినుంచీ మూడుసార్లు అడిగిందనీ, నేను మూడుసార్లు అబద్ధం చెప్పాననీ ఒక్కరితోనూ అనలేదు. ఆ మెచ్చుకోలు విన్నప్పుడల్లా నేను లేచి బయటికి పోయేదాన్ని. పిల్లకు సిగ్గు అనేవాళ్లు.

మరుసటి ఏడు నుంచి మా ఇంట్లో శివరాత్రి మారిపోయింది. నానమ్మ వాకిట్లో మంచాలు వేయించి, నిద్ర వచ్చినవాళ్లను వచ్చినట్టు పడుకోమనేది. తాను మాత్రం టార్చిలైటు పట్టుకుని మంచాల మధ్య తిరుగుతూ ఒక్కొక్కరి దగ్గరా ఆగి, ఊపిరి ఆడుతోందో లేదో చూసుకుని ముందుకు పోయేది. కథ చెప్పమంటే చెప్పేది కానీ, పండుకోనియ్యొద్దన్న దగ్గరికి వచ్చి ఆగేది. నాలుగు శివరాత్రులు అట్లా చేసింది. ఐదోది రాకముందే, నాకు పద్నాలుగేళ్లప్పుడు, పోయింది.

ఇప్పుడు ఆ వాకిలి లేదు. కొట్టం ఉన్న చోట మూడంతస్తుల హాస్టలు ఉంది, రాత్రి పని చేసే పిల్లలు పగటిపూట పరదాలు వేసుకుని నిద్రపోతుంటారు. గుడికి మైకు వచ్చింది, భజన రికార్డులో వస్తుంది. చింతగింజలు అరగదీసేవాళ్లు లేరు, చుక్క పొడిచేదాకా ఆగేవాళ్లూ లేరు. రేణుకత్త గగన్‌పహాడ్‌లో ప్లాస్టిక్ డబ్బాల కంపెనీలో సూపర్‌వైజరు, ఇద్దరు పిల్లల తల్లి. ఇప్పటికీ బస్సులో నిద్రపోతుంది.

ఈ ఏడు శివరాత్రి మర్నాడు డ్యూటీ దిగి మా ఇంటికి వచ్చింది. చాయ తాగుతుండగా, ఇన్నేళ్లూ గొంతులో పెట్టుకున్నది ఆమె ముందు కక్కేశాను. పొద్దున ఎనిమిదింటికే నానమ్మ అడిగిందనీ, అప్పుడే చెప్పి ఉంటే అంతదాకా రాకపోవునేమోననీ చెప్పాను.

“నాకు తెల్వదా ఏంది? నిన్ను గిల్లబోయింది నేనే గద” అంది. “నువ్వు బాపుకు చెప్తుంటే గూడ ఇన్న. అయ్యో ఇది చెప్పేసింది, నౌకరి పాయె అనుకున్న. సచ్చుడు మీద ధ్యాసే లేదు.”

ఇద్దరం నవ్వాం. నవ్వుతూ ఉండగానే ఆమె గ్లాసు కింద పెట్టింది.

“దవాఖానల గూడ అంత ఇనవడుతుండెనే. కండ్లు తెరవరాదు, ఏలు కదలదు, తెలివి మాత్రం మస్తుగున్నది. ఎవలు వత్తుతున్నరో ఊపిరిని బట్టి తెలుస్తుండె. అన్న వత్తితే నిమ్మలంగ వచ్చేది. అమ్మది పెద్దగ, తొందరగ.”

నానమ్మ చెవి దగ్గర ఏం మాట్లాడిందని అడిగాను. ఈ మాట రేణుకత్త అంతకుముందు ఎవరికీ చెప్పలేదు.

“పొద్దుగాలసంది పండుకోకు పండుకోకు అని నిన్ను సతాయిచ్చిన, తప్పయింది బిడ్డా అని ఏడ్సింది. ఇగ పండుకో, నేను మేలుకొని ఉంట అన్నది. అప్పుడు నాకు నిజంగ నిద్ర వచ్చింది శిరీ. భయం పోయి పండుకున్న.”

నానమ్మకు ఎందుకు చెప్పలేదత్తా అన్నాను. చెప్తే మళ్లీ ఏడుస్తుందని ఊరుకుందట. తర్వాత చెబుదామనుకుందట. నాలుగేళ్లు అట్లాగే రేపు రేపు అనుకుందట.

స్పృహ లేని కూతురితో తానొక్కతే మాట్లాడుకున్నానని అనుకుంటూనే నానమ్మ పోయింది.